30 డిగ్రీల దగ్గర తప్పిన ఆర్‌ఈఆర్: చిట్టెలుకల మెటబాలిక్ ఛాంబర్‌పై ఒక కేస్ స్టడీ

ఎస్‌జీఎల్‌టీ2 నిరోధక మందు (మధుమేహానికి వాడే ఒక రకం మందు) ఇచ్చిన చిట్టెలుకల శక్తి వ్యయాన్ని రెండు ఉష్ణోగ్రతల దగ్గర కొలిచారు. 22 డిగ్రీల సెల్సియస్ దగ్గర మందు గుంపుకీ మామూలు గుంపుకీ పెద్ద తేడా లేదు. 30 డిగ్రీలకు వచ్చేసరికి మందు గుంపు ఎక్కువ ఆక్సిజన్ వాడుతున్నట్టూ, ఆర్‌ఈఆర్ బాగా పడిపోయినట్టూ కనిపించింది. ఆర్‌ఈఆర్ అంటే బయటికి వదిలిన సీఓ2ని వాడుకున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి. పిండి పదార్థం మాత్రమే మండితే అది 1.0, కొవ్వు మాత్రమే మండితే 0.7.

ఫలితం నమ్మేలాగే ఉంది, చిక్కంతా అక్కడే. ఈ మందు గ్లూకోజ్‌ని మూత్రంలో పోగొడుతుంది కాబట్టి శరీరం కొవ్వు వైపు మళ్లి ఆర్‌ఈఆర్ తగ్గడం సహజమే. కానీ కొన్ని ఛానళ్లలో (ఒక్కో కేజ్ గాలి దారి ఒక ఛానల్) విలువ 0.65 దగ్గర గంటల తరబడి నిలిచిపోయింది. కీటోన్లు (కొవ్వు విరిగితే వచ్చే పదార్థాలు) తయారయ్యే వేళ ఆర్‌ఈఆర్ 0.7 కిందికి కాసేపు జారవచ్చు. రోజంతా అక్కడే కూర్చుందంటే మాత్రం ఎలుకని కాదు, గొట్టాలని చూడాలి.

అమరిక

సుమారు 500 లీటర్ల ఉష్ణ నియంత్రణ కేబినెట్. అందులో ఎనిమిది కేజ్‌లు, ఒక్కో దాంట్లో గాలి పరిమాణం దాదాపు 6 లీటర్లు. గాలిని తోసే పద్ధతి కాదు, లాగే పద్ధతి. కేజ్ అడుగున ఉన్న రంధ్రాల గుండా కేబినెట్ గాలి లోపలికి వస్తుంది, మూత దగ్గరి గొట్టం నుంచి నిమిషానికి 0.5 లీటరు చొప్పున బయట ఉన్న పంపు లాగేస్తుంది. ప్రతి ఛానల్‌కీ ఒక మాస్ ఫ్లో కంట్రోలర్ (ప్రవాహాన్ని కొలిచి స్థిరంగా ఉంచే పరికరం) ఉంది. ప్రధాన ప్రవాహంలో నుంచి నిమిషానికి 0.2 లీటరు నమూనా విడిగా తీసి, వాల్వ్ మానిఫోల్డ్ (ఛానళ్లని ఒకదాని తర్వాత ఒకటి కలిపే వాల్వుల దిమ్మ), నాఫియాన్ డ్రయ్యర్ (గాలిలో తేమ తీసే గొట్టం) దాటించి, సీఓ2 ఎనలైజర్‌కి, ఆ తర్వాత ఆక్సిజన్ ఎనలైజర్‌కి పంపుతారు. ఎనిమిది కేజ్‌లు, ఒక రిఫరెన్స్ (పోల్చడానికి చదివే, ఎలుక పీల్చని గాలి) కలిపి తొమ్మిది స్థానాలు. ఒక్కో స్థానానికి 90 సెకన్లు, అందులో మొదటి 60 సెకన్లు పాత గాలి కడిగెయ్యడానికి, చివరి 30 సెకన్ల సగటే రీడింగ్.

లాగే పద్ధతికి ఒక మంచి గుణం ఉంది. గొట్టం ఎక్కడైనా వదులుగా ఉంటే గాలి బయటికి పోదు, బయటి గాలే లోపలికి వస్తుంది. ఆ వదులు చోటు నమూనా తీసే చోటుకీ, ఫ్లో మీటర్‌కీ ముందే ఉంటే మీటర్ దాన్నీ కలిపే కొలుస్తుంది కాబట్టి లెక్క చెడదు. అయితే నమూనా గొట్టంలో, మానిఫోల్డ్‌కీ ఎనలైజర్‌కీ మధ్య కన్నం పడితే మాత్రం సిగ్నల్ పలచబడిపోతుంది.

సిగ్నల్ ఎంత చిన్నదో ముందు లెక్కేసుకోవాలి

మామూలుగా పెరిగిన 25 నుంచి 30 గ్రాముల చిట్టెలుక 22 డిగ్రీల దగ్గర నిమిషానికి సుమారు 1.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుతుంది. దానికి అది చలి వాతావరణమే. ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే శక్తిలో పెద్ద భాగం పోతుంది. పగటి విశ్రాంతి వేళ దానికి హాయిగా ఉండేది 29, 30 డిగ్రీల దగ్గర. అక్కడ ఈ వాడకం సుమారు 0.8 మిల్లీలీటర్లకు దిగుతుంది.

ప్రవాహం నిమిషానికి 500 మిల్లీలీటర్లు అయితే, 22 దగ్గర కేజ్ గాలిలో ఆక్సిజన్ 0.30 శాతం తగ్గుతుంది, అంటే 20.95 నుంచి 20.65కి. 30 దగ్గర తగ్గేది 0.16 శాతమే. ఛాంబర్ మారలేదు, ఎనలైజర్ మారలేదు, సిగ్నల్ మాత్రం సగమైపోయింది.

అదే సమయంలో నీరు పెరుగుతుంది. 22 డిగ్రీల దగ్గర సంతృప్త నీటి ఆవిరి పీడనం 2.64 కిలోపాస్కల్స్, 30 దగ్గర 4.24. కేబినెట్‌ని రెండు చోట్లా 50 శాతం తేమకే సెట్ చేస్తే గాలిలోకి వచ్చే ఆవిరి 1.32 నుంచి 2.12 కిలోపాస్కల్స్‌కి వెళ్తుంది. దీని మీద ఎలుక శ్వాస, మూత్రం, నీళ్ల సీసా చుక్కలు కలుస్తాయి. రోజుకి 3 గ్రాముల నీరు ఆవిరైందనుకుందాం. అది 3.7 లీటర్ల ఆవిరి. రోజుకి 720 లీటర్ల గాలిలో అది 0.52 శాతం, అంటే మరో అర కిలోపాస్కల్ పైన. మొత్తం 2.64.

ఈ అంకె యాదృచ్ఛికంగానే వచ్చింది గానీ దాని పర్యవసానం చిన్నది కాదు. 2.64 కిలోపాస్కల్స్ ఆవిరి ఉన్న గాలికి డ్యూ పాయింట్ (ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) సరిగ్గా 22 డిగ్రీలు. అంటే 30 డిగ్రీల కేబినెట్‌లో నుంచి గొట్టం 22 డిగ్రీల గదిలోకి అడుగు పెట్టగానే గాలి సంతృప్తమైపోతుంది. గొట్టం ఏసీ గాలి తగిలే చోట పోతుంటే లోపల చుక్కలు కట్టక తప్పదు. ఇక మందు గుంపు మూత్రం ఎక్కువ పోస్తుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది. ఆ కేజ్‌లో రోజుకి 6 గ్రాములు ఆవిరైతే డ్యూ పాయింట్ 25 డిగ్రీలు. ఏసీ లేకపోయినా ఆ గొట్టంలో నీళ్లే.

22 డిగ్రీల దగ్గర ఇదే లెక్క వేస్తే మామూలు కేజ్‌కి డ్యూ పాయింట్ 16 దగ్గర ఆగుతుంది. గది 22. ఏమీ కట్టదు. అందుకే ఆ దశలో ఎవరికీ ఏమీ కనబడలేదు.

గొట్టంలో చుక్కలు చూడగానే చాలామంది అనే మాట, సీఓ2 ఆ నీళ్లలో కరిగిపోతోంది అని. లెక్క వేస్తే అది నిలవదు. 25 డిగ్రీల దగ్గర ఒక మిల్లీలీటర్ నీరు, తన పైన ఉన్నది పూర్తిగా సీఓ2 అయితే, దాదాపు 0.76 మిల్లీలీటర్ల వాయువుని పట్టుకుంటుంది. కేజ్ గాలిలో సీఓ2 0.2 శాతం లోపే. ఆ లెక్కన పట్టుకునేది 0.0015 మిల్లీలీటరు, అదీ ఒక్కసారే. నిమిషానికి 0.6 మిల్లీలీటర్లు పుడుతుంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఆర్‌ఈఆర్ పడిపోవడానికి కారణం సీఓ2 తగ్గడం కాదు, ఆక్సిజన్ వాడకం లేనిది ఉన్నట్టు కనిపించడం.

నీటి ఆవిరి చేసే మాయ

ఆవిరి గాలిలో కలిస్తే మిగతా వాయువులన్నీ పలచబడతాయి. ఒక శాతం ఆవిరి కలిస్తే ఆక్సిజన్ 0.21 శాతం తగ్గుతుంది. ఎనలైజర్‌కి అది ఎలుక వాడేసిన ఆక్సిజన్‌లాగే కనబడుతుంది. అందుకే గాలిని ఆరబెట్టి పంపుతారు. కానీ డ్రయ్యర్ తొంభై నాలుగు శాతం నీటిని తీసేసి, రిఫరెన్స్ గాలి కంటే 0.15 కిలోపాస్కల్ ఎక్కువ ఆవిరిని వదిలేసిందనుకోండి. ఆక్సిజన్‌లో 0.031 శాతం దొంగ తేడా వస్తుంది. 500 మిల్లీలీటర్ల ప్రవాహానికి అది నిమిషానికి 0.157 మిల్లీలీటర్ల దొంగ ఆక్సిజన్ వాడకం. నిజమైన 0.8కి ఇది కలిస్తే 0.96 అవుతుంది. నిజమైన ఆర్‌ఈఆర్ 0.78 అయితే తెర మీద 0.65 కనిపిస్తుంది.

సీఓ2 మాత్రం దాదాపు చెక్కుచెదరదు. అది గాలిలో స్వల్ప భాగం కాబట్టి 0.15 శాతం పలచబడితే దాని విలువ కూడా అంతే శాతం మారుతుంది. అంటే వెయ్యికి ఒకటిన్నర వంతు.

దోషం ఎటు వైపు తోస్తుందో కూడా చూడాలి. ఇది గాలివాటంగా అటూ ఇటూ ఊగే తేడా కాదు. తడి ఎక్కువ ఉన్న కేజ్‌లోనే ఎక్కువ వస్తుంది. మందు గుంపు కేజ్‌లే తడి. కాబట్టి తప్పు సరిగ్గా మందు ప్రభావం రూపంలోనే బయటికొచ్చింది. ఎలుకల సంఖ్య పెంచితే ఇలాంటి తప్పు పోదు, గణాంకపరంగా ఇంకా గట్టిపడుతుంది. మూత్రం ఎక్కువ పోసే ఏ నమూనా అయినా, స్ట్రెప్టోజోటోసిన్‌తో మధుమేహం తెప్పించిన ఎలుకలైనా, ఇదే ఉచ్చులో పడతాయి.

పాసైన పరీక్షలు, ఫెయిలైన పరీక్ష

అసలు ఆశ్చర్యం, ఈ అమరిక రెండు ప్రామాణిక పరీక్షలూ పాసైంది.

మొదటిది ఖాళీ పరీక్ష. కేజ్‌లన్నీ ఖాళీగా, పొడిగా ఉంచి రాత్రంతా నడిపితే ఆక్సిజన్ వాడకం సున్నా దగ్గర ఉండాలి. ఉంది. రెండోది వాయువు ఇంజెక్షన్. 20 శాతం సీఓ2, 80 శాతం నైట్రోజన్ ఉన్న సిలిండర్ వాయువుని నిమిషానికి 4 మిల్లీలీటర్ల చొప్పున కేజ్‌లోకి వదలాలి. నైట్రోజన్ గాలిని పలచబరిచి ఆక్సిజన్ వాడినట్టు చూపిస్తుంది, సీఓ2 నేరుగా కనబడుతుంది. నైట్రోజన్ సమతుల్యత సమీకరణం (ఎలుక నైట్రోజన్‌ని వాడదు, వదలదు అనే ఊహతో వేసే లెక్క) వాడితే ఆక్సిజన్ 0.85, సీఓ2 0.80, ఆర్‌ఈఆర్ 0.94 రావాలి. వచ్చాయి. 97 నుంచి 103 శాతం లోపల రికవరీ (రావాల్సిన విలువలో నిజంగా వచ్చిన వంతు) ఉంటే చాలని అంగీకరించే పరీక్ష ఇది.

రెండు పరీక్షల్లోనూ లేనిది ఒక్కటే, నీరు. సిలిండర్ వాయువు ఎముకలా పొడి. ఖాళీ కేజ్‌లో ఎలుక తెచ్చే తడి లేదు. ఛాంబర్‌ని ఎలుక లాంటి తడితో ఎవరూ పరీక్షించలేదు.

అందుకే తడి ఖాళీ పరీక్ష పెట్టారు. ఎలుక లేదు, వాయువు లేదు. కేజ్‌లో తడిపిన స్పాంజి పెట్టిన పెట్రీ డిష్ మాత్రమే. దాని మూతని జరుపుతూ, గంటకోసారి తూకం వేస్తూ, గంటకి 0.12 నుంచి 0.13 గ్రాము ఆవిరయ్యేలా సరిచేయాలి. రోజుకి 3 గ్రాములంటే అంతే. ఇంకో కేజ్‌లో దానికి రెట్టింపు. కేబినెట్ 30 డిగ్రీల దగ్గర, తేమ 50 శాతం దగ్గర. కనీసం పన్నెండు గంటలు నడపాలి, ఎందుకంటే డ్రయ్యర్ మొదటి గంటలో ఎప్పుడూ బాగానే పనిచేస్తుంది. ఆ కేజ్‌లలో ఆక్సిజన్ వాడకం సున్నా రావాలి. రాలేదు. తడి పెరిగిన కొద్దీ దొంగ వాడకం పెరిగింది, గొట్టం ఏసీ కింద పోయే ఛానల్‌లో అన్నిటికంటే ఎక్కువ.

ఈ పరీక్ష వాయువు ఇంజెక్షన్‌తో కలిపి కాకుండా విడిగానే చేయాలి. కలిపితే ఏ తప్పు ఎక్కడిదో విడదీయడం కష్టం. విడిగా చేసినప్పుడు ఇంజెక్షన్ ఫలితంలో ఒక తేలికైన గుర్తు దొరుకుతుంది: ఆర్‌ఈఆర్ సరిగ్గా ఉండి ఆక్సిజన్, సీఓ2 రెండూ ఒకే నిష్పత్తిలో తక్కువ వస్తే గొట్టం కన్నమో, ఫ్లో మీటరో, కేజ్ మూతో. ఆర్‌ఈఆర్ చెడితే నీరో, ఎనలైజర్ కాలిబ్రేషనో, రిఫరెన్సో.

మూత సంగతి ఇక్కడే చెప్పాలి. కేబినెట్ ఫ్యాన్ గాలి నేరుగా మూత మీద పడితే, లాగే పద్ధతిలో కూడా కేజ్ గాలి కొంత బయటికి పోతుంది. ఇంజెక్షన్ గొట్టాన్ని బయటికి పోయే గొట్టం పక్కన పెడితే ఈ లోపం ఎప్పటికీ దొరకదు. ఎలుక పడుకునే మూల దగ్గర, నేల నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి చూడాలి.

డ్రయ్యర్‌ని విప్పితే

నాఫియాన్ గొట్టం నీటి ఆవిరిని గోడ గుండా బయటికి పంపుతుంది. బయట పొడి గాలి ఎదురుగా పారుతుండాలి. ఆ పొడి గాలి కనీసం నమూనా ప్రవాహానికి రెట్టింపు ఉండాలన్నది పనివాళ్ల లెక్క. ఇక్కడ అది నమూనాతో సమానంగా, నిమిషానికి 0.2 లీటరే పారుతోంది. 22 డిగ్రీల దగ్గర వచ్చే ఆవిరికి అది సరిపోయింది. సంతృప్తమైన గాలి, దాని వెంట అప్పుడప్పుడు నీటి చుక్కలు కూడా వస్తుంటే సరిపోలేదు. నాఫియాన్‌కి ఆవిరి కావాలి, ద్రవ నీరు కాదు. చుక్క లోపలికి చేరితే ఆ భాగం ఆరేదాకా డ్రయ్యర్ పూర్తిగా పనిచేయదు, పక్క ఛానల్ రీడింగ్‌లోకి కూడా ఆ తడి వెళ్తుంది.

దాని తర్వాత రసాయన ఆరబెట్టు గొట్టం పెడదామనే ఆలోచన వస్తుంది. సిలికా జెల్, కాల్షియం సల్ఫేట్ గుళికలు సీఓ2ని పట్టుకుని తర్వాత నెమ్మదిగా వదులుతాయి. ఛానల్ మారిన ప్రతిసారీ పాత ఛానల్ సీఓ2 జాడ కొత్తదాంట్లోకి వస్తుంది, ఆర్‌ఈఆర్ ఊగుతుంది. మెగ్నీషియం పర్‌క్లోరేట్ ఈ విషయంలో మెరుగే గానీ అది బలమైన ఆక్సీకారిణి, సేంద్రియ పదార్థం దగ్గరికి రానివ్వకూడదు, తడిస్తే గడ్డకట్టి దారి మూసేస్తుంది. వాడితే చివరి రక్షణగా, 5 మిల్లీలీటర్లకి మించని చిన్న గొట్టంలో, రెండు వైపులా గాజు ఉన్నితో, రోజూ మారుస్తూ వాడాలి. ఇండికేటర్ రంగు కోసం కోబాల్ట్ క్లోరైడ్ కలిపిన గుళికలు విషపూరితం, వాటిని చేత్తో తాకకూడదు.

చేసిన మార్పులు

ముందుగా కేబినెట్ తేమని 50 నుంచి 40 శాతానికి దించారు. ఎలుకలకి సాధారణంగా 30 నుంచి 70 శాతం వరకు పరవాలేదు. ప్రవాహాన్ని నిమిషానికి 0.5 నుంచి 0.4 లీటరుకి తగ్గించారు. దీంతో 30 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ తేడా 0.16 నుంచి 0.20 శాతానికి పెరిగింది. ఇంకా తగ్గించొచ్చు కదా అనిపిస్తుంది. కేజ్ 6 లీటర్లు, ప్రవాహం 0.4 అయితే టైమ్ కాన్‌స్టెంట్ (కేజ్ పరిమాణాన్ని ప్రవాహంతో భాగిస్తే వచ్చే సమయం) 15 నిమిషాలు. ఒక మార్పు 99 శాతం కనబడాలంటే దానికి 4.6 రెట్లు, అంటే 69 నిమిషాలు కావాలి. 0.3కి దిగితే 20 నిమిషాల కాన్‌స్టెంట్, గంటన్నర ఎదురుచూపు. మందు ఇచ్చాక మొదటి రెండు గంటల్లో ఏం జరిగిందో చూడాలనుకునే ప్రయోగానికి అది పనికిరాదు. పైగా ప్రవాహం తగ్గితే అదే నీరు తక్కువ గాలిలో పేరుకుంటుంది.

ఆ పేరుకోవడం వల్లే తేమ తగ్గించడం ఒక్కటే చాలలేదు. 40 శాతం దగ్గర, 0.4 లీటరు ప్రవాహంతో, మామూలు కేజ్ డ్యూ పాయింట్ 20 డిగ్రీలు. మందు గుంపు కేజ్‌ది 24. గది 22. కాబట్టి గొట్టాలని వేడి చేయక తప్పదు.

కేబినెట్ గోడకి ఆనించి, 35 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే పెట్టె ఒకటి అమర్చారు. వాల్వ్ మానిఫోల్డ్, నమూనా తీసే T ఆకారపు గొట్టం ముక్కలు, నాఫియాన్ డ్రయ్యర్ అన్నీ అందులోకి మారాయి. కేబినెట్ గోడ రంధ్రం నుంచి పెట్టె దాకా ఉన్న గొట్టం పొట్టిదే అయినా దానికీ హీటింగ్ టేపు చుట్టి పైన నురుగు తొడుగు వేశారు. ఒక్క చదరపు సెంటీమీటర్ చల్లగా మిగిలినా నీరు అక్కడే కడుతుంది. జాయింట్ దగ్గర లోహపు ఫిట్టింగ్ తొడుగు బయటికి తొంగిచూస్తే అదే చల్లని చోటు అవుతుంది. డ్రయ్యర్‌కి పొడి గాలిని నిమిషానికి 0.5 లీటరుకి పెంచారు. పెట్టె దాటి బయటికి వచ్చే నమూనా ఇప్పటికే పొడి, ఇక గది చల్లదనంతో పనిలేదు.

ప్రధాన ప్రవాహం సంగతి వేరు. అది తడిగానే ఫ్లో కంట్రోలర్‌కి పోతుంది. చుక్కలు కంట్రోలర్ లోపలికి పోకుండా దానికంటే కింద, నిటారుగా ఒక నీటి ట్రాప్ సీసా పెట్టాలి. ఆ గాలిని కూడా ఆరబెడదామా అంటే, 40 శాతం తేమ ఉన్న కేబినెట్ గాలే రోజుకి ఒక్కో ఛానల్‌లో సుమారు 8 గ్రాముల నీటిని తెస్తుంది, ఎలుక నీరు అదనం. సిలికా జెల్ తన బరువులో నాలుగో వంతు నీరు పట్టుకుంటుందనుకున్నా, ఎనిమిది ఛానళ్లకి రోజుకి దాదాపు అర కిలో జెల్ మార్చాలి. ఎవరూ ఆ పని నెలల తరబడి చేయరు. అందుకని కంట్రోలర్ ముందు ఒక తేమ సెన్సార్ పెట్టి లెక్కతో సరిచేశారు: పొడి ప్రవాహం రావాలంటే కొలిచిన ప్రవాహాన్ని, గాలి పీడనంలో నుంచి ఆవిరి పీడనం తీసేసిన విలువతో గుణించి, మొత్తం పీడనంతో భాగించాలి. 2.64 కిలోపాస్కల్స్ ఆవిరికి ఇది 2.6 శాతం సవరణ.

రిఫరెన్స్, పీడనం, అసలు ఉష్ణోగ్రత

పని మధ్యలో ఇంకో లోపం దొరికింది. రిఫరెన్స్ గొట్టం కొన గదిలో ఉంది, కేజ్‌లు మాత్రం కేబినెట్ గాలి పీలుస్తున్నాయి. ఎనిమిది కేజ్‌లు కలిసి కేబినెట్ నుంచి నిమిషానికి 3.2 లీటర్లు లాగుతాయి. 500 లీటర్ల గాలి మారడానికి రెండున్నర గంటల పైనే పడుతుంది. గదిలో మనుషులు పనిచేస్తూ సీఓ2ని 400 నుంచి 1000 పీపీఎం చేస్తే రిఫరెన్స్ వెంటనే 0.06 శాతం పెరుగుతుంది, కేబినెట్‌లో ఆ మార్పు గంటల తర్వాత చేరుతుంది. 30 డిగ్రీల దగ్గర ఎలుక సీఓ2 సిగ్నలే 0.16 శాతం చుట్టుపక్కల. గొట్టం కొనని కేబినెట్ లోపల, ఫ్యాన్ గాలి బాగా కలిసే చోటికి మార్చి, ఒక్కో చక్రంలో రిఫరెన్స్‌ని రెండుసార్లు చదివేలా చేశారు. పది స్థానాలు, పదిహేను నిమిషాల చక్రం. పంపు వదిలే గాలి గొట్టాన్ని కేబినెట్‌కి దూరంగా తీసుకెళ్లాలన్నది చెప్పనక్కర్లేదనుకుంటాం గానీ చాలా అమరికల్లో అది కేబినెట్ కిందే ఉంటుంది.

ఆక్సిజన్ ఎనలైజర్ నిజానికి చూసేది శాతం కాదు, పాక్షిక పీడనం. గాలి పీడనం 0.1 కిలోపాస్కల్ మారితే ఆక్సిజన్ 0.021 శాతం మారినట్టు కనిపిస్తుంది, అంటే సిగ్నల్‌లో పదో వంతు. పీడన సవరణ ఆపేసి ఉంటే రోజు వాతావరణమే గ్రాఫ్‌లో కనబడుతుంది. జంతువుల గదిలో పీడనం తేడాగా ఉంచుతారు కాబట్టి తలుపు తీసినప్పుడు 15 పాస్కల్స్ మారినా ఒకటిన్నర శాతం కుదుపు వస్తుంది. రీడింగ్ సమయంలో తలుపు తీసిన గుర్తుని డేటాలో నమోదు చేసే చిన్న స్విచ్ పెట్టడం చవకైన పని.

కేబినెట్ తెర 30 చూపిస్తుంటే కేజ్ లోపల అంతే ఉంటుందని నమ్మకూడదు. ఎలుక వేడి, బెడ్డింగ్, పై అరకి చేరే వెచ్చని గాలి కలిసి ఒకటి రెండు డిగ్రీలు తేడా తెస్తాయి. స్టీలు తొడుగున్న సెన్సార్‌ని నేల నుంచి 2, 3 సెంటీమీటర్ల ఎత్తులో, ఎలుక కొరకలేని చోట పెట్టి, ప్రతి అరనీ విడిగా చూడాలి. గుంపుల్ని అరల మధ్య కలిపి పంచాలి. బెడ్డింగ్‌ని తూకం వేసి సమానంగా వేయాలి. గూడు కట్టుకోగలిగితే ఎలుకకి 22 డిగ్రీలు 22లా అనిపించదు. హీటర్ అదుపు తప్పితే ఆపే థర్మోస్టాట్ ప్రధాన కంట్రోలర్‌తో సంబంధం లేకుండా విడిగా, 33 డిగ్రీల దగ్గర సెట్ చేసి ఉండాలి.

కరెంటు పోయి పంపు ఆగితే ఎంత సమయం ఉంటుంది? కేజ్‌ని పూర్తిగా మూసి ఉన్నట్టు అనుకుని లెక్క వేస్తే, 22 డిగ్రీల దగ్గర 6 లీటర్ల గాలిలో సీఓ2 మూడు శాతానికి సుమారు 140 నిమిషాల్లో చేరుతుంది. 30 దగ్గర దానికి రెట్టింపు సమయం. ఆక్సిజన్ తగ్గడం కంటే ముందు ఇబ్బంది పెట్టేది సీఓ2నే. కాబట్టి అలారం ప్రవాహం మీద ఉండాలి, గ్యాస్ రీడింగ్ మీద కాదు. కరెంటు లేనప్పుడు ఎనలైజర్ కూడా ఏమీ చెప్పదు.

మళ్లీ పరీక్షించి, పాత డేటాని ఏం చేశారు

కొత్త అమరికలో తడి ఖాళీ పరీక్షకి ఒక గీత పెట్టుకున్నారు: రోజుకి 6 గ్రాముల ఆవిరితో, పన్నెండో గంటలో కూడా దొంగ ఆక్సిజన్ వాడకం నిమిషానికి 0.02 మిల్లీలీటరు దాటకూడదు. 30 డిగ్రీల దగ్గర నిజమైన వాడకంలో అది రెండున్నర శాతం. పరీక్ష ఎప్పుడూ ప్రయోగం జరిగే ఉష్ణోగ్రత, తేమ, ప్రవాహం దగ్గరే చేయాలి. 22 దగ్గర పాసైన ఛాంబర్ గురించి 30 దగ్గర ఏమీ తెలియదు. ఎలుకలని ఒంటరిగా పెట్టిన మొదటి రోజు డేటాని లెక్కలోకి తీసుకోకుండా, ప్రతి ఉష్ణోగ్రత దగ్గర కనీసం ఒక పూర్తి రోజు అలవాటుకి ఇచ్చారు. 22 నుంచి 30కి మార్చిన తర్వాత ఆహార తూకాల లోడ్ సెల్‌లని రెండు గంటలు ఆగి మళ్లీ సున్నా చేశారు.

శక్తి వ్యయాన్ని వియర్ సూత్రంతోనే లెక్కిస్తారు: లీటర్లలో ఆక్సిజన్‌ని 3.941తో, సీఓ2ని 1.106తో గుణించి కలిపితే కిలోకేలరీలు. గంటకి 48 మిల్లీలీటర్ల ఆక్సిజన్, 0.78 ఆర్‌ఈఆర్ అయితే రోజుకి 5.5 కిలోకేలరీలు. పాత అమరికలోని దొంగ వాడకం కలిస్తే 6.4. మందు ప్రభావం పది పదిహేను శాతం ఉంటుందేమోనని వెతికే ప్రయోగంలో ఒక్క నీటి వల్లే పదహారు పదిహేడు శాతం తేలిపోయింది. గుంపుల్ని పోల్చేటప్పుడు శరీర బరువుతో భాగించకుండా, బరువుని కోవేరియేట్‌గా (గణాంక లెక్కలో తోడు చలరాశిగా) పెట్టి చూడాలన్న నియమం ఇక్కడా అలాగే ఉంది.

పాత 30 డిగ్రీల డేటాని సరిచేసి వాడుకోవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. డ్రయ్యర్ తర్వాత మిగిలిన ఆవిరి ఎంతో నమోదు కాలేదు కాబట్టి ఆక్సిజన్ విలువలు సరిచేయడానికి వీల్లేదు. అవి పక్కన పెట్టేశారు. సీఓ2 విలువల్ని నీరు చెడగొట్టలేదు. ఒక లీటర్ సీఓ2కి ఎన్ని కిలోకేలరీలో ఆర్‌ఈఆర్ ఊహించుకుని లెక్కేయొచ్చు: 0.75 అయితే 6.36, 0.85 అయితే 5.74. దాదాపు పది శాతం తేడా. పైగా మందు మార్చేదే ఆర్‌ఈఆర్‌ని, దాన్నే ఊహించుకుని గుంపుల్ని పోల్చడం కుదరదు. రిఫరెన్స్ గదిలో ఉన్న సంగతి వల్ల పగటి వేళ సీఓ2 మీద కూడా పూర్తి నమ్మకం లేదు. కాబట్టి రాత్రి వేళ, గదిలో ఎవరూ లేని గంటల సీఓ2ని, ఒకే గుంపులో ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ పోల్చడానికి మాత్రమే ఉంచారు. 22 డిగ్రీల డేటాని, అదే ఉష్ణోగ్రత దగ్గర తడి ఖాళీ పరీక్షని పాత అమరిక మళ్లీ కట్టి చేసి చూశాకే నిలబెట్టారు. 30 డిగ్రీల భాగాన్ని కొత్త ఎలుకలతో మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.